ఆ గోలు పడివుంటే...

అత్తకు మీసాలుంటే మామ అని పిలిచేవాళ్ళమని ఒక సామెత చెప్పి, 'అలా జరిగివుంటే, ఇలా అయివుంటే' అనే చర్చల నోరు మన పెద్దలు ఏనాడో కట్టేశారు. కాని ఏం లాభం? సామెత సామెతగానే వుంది, చర్చ చర్చగానే సాగుతున్నది. కర్ణుడి రథచక్రం భూమిలో దిగబడకపోతే ఏమయ్యేదని తాతలు అరుగుల మీద వాదించుకున్నారు. 1565లో రామరాయలు శత్రువుల చేత చిక్కకపోతే విజయనగరం నిలిచేదా అని తండ్రులు వాదించుకున్నారు. ఇప్పుడు మనవళ్ళు బంతాట దగ్గరికి వచ్చారు. అంతే తేడా.

ఈ మాట సీలేరు నుంచి రాస్తున్నాను. కరెంటు కేంద్రం వున్న కొండల నడిమి వూరు. కొండ నీడ పడగానే చలి మొదలవుతుంది. చలి మొదలవగానే టీ కొట్టు దగ్గర కుర్రకారు చేరుతుంది. కుర్రకారు చేరగానే వాదన చేరుతుంది. రహీమ్ గారి జీవితం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా 2024లో వచ్చిన దగ్గరనుంచి ఈ వాదన ఎక్కువగా ఫుట్‌బాల్ మీదనే సాగుతున్నది. "లండన్లో ఆ పెనాల్టీలు పడివుంటేనా, మాస్టారూ..." అని ఒకడు. "అదికాదు, బ్రెజిల్‌కు మన జట్టు వెళ్ళివుంటేనా..." అని మరొకడు. "మెల్బోర్నులో ఆ ఒక్క గోలూ కాచుకుని వుంటేనా..." అని ఇంకొకడు. ఎవరికి వారు తమ 'వుంటేనా' ముందు పెట్టుకుని కూర్చుంటారు. తగవు తీర్చమని నావంక చూస్తారు.

తీర్పు చెప్పేముందు తూకానికి రాళ్ళు కావాలి గదా! ఆ రాళ్ళు ఈ వూళ్ళోనే దొరికాయి. ఈ వూరి పేరు ఏటి పేరే. పైభాగంలో ఈ ఏటిని మాచ్‌ఖండ్ అంటారు. డుడుమ దగ్గర జలపాతమై దూకి, కిందికి వచ్చేసరికి సీలేరు అనిపించుకుంటుంది. ఆపైన శబరిలో కలిసి, శబరితోపాటు గోదావరిని చేరుతుంది. దారిపొడుగునా బండలే. ఒక్కొక్క బండ దగ్గర నీళ్ళు చీలి, నురగలు కక్కి, ఎంతో హడావుడి చేసి, పది గజాలు దాటేసరికి మళ్ళీ కలిసిపోతాయి. ఆ బండ లేకపోయినా ఏరు పోయే దారి అదే. కాని గుంటవాడ దగ్గర కట్టిన ఆనకట్ట సంగతి వేరు. అది చప్పుడు చెయ్యదు. నీటిని నిలబెట్టి, తాను చెప్పిన దారిన నడిపించి, యంత్రాలు తిప్పిస్తుంది. అవే నీళ్ళు చివరికి శబరికే పోతాయి, నిజమే. కాని పోతూ పోతూ ఎక్కడో కొన్ని ఇళ్ళలో దీపాలు వెలిగించి పోతాయి.

కాబట్టి పాఠకమహాశయులారా, ఫుట్‌బాల్ చరిత్రలో మనవాళ్ళు చెప్పుకునే మలుపులలో ఏది బండ, ఏది ఆనకట్ట అన్నదే ప్రశ్న. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది లండన్ ముచ్చట. 1948 జూలై 31న ఒలింపిక్ పోటీలలో మన జట్టు ఫ్రాన్సుతో తలపడింది. స్వతంత్రం వచ్చి ఏడాది నిండలేదు. తాలిమెరెన్ ఆవ్ నాయకుడు. మన ఆటగాళ్ళలో ఎక్కువమంది బూట్లు లేకుండా, ఉత్త కాళ్ళతో ఆడారు. ఆ రోజు మనకు రెండు పెనాల్టీలు దక్కాయి. ఒకటి శైలేన్ మన్నా తన్నారు, రెండోది మహావీర్ ప్రసాద్ తన్నారు. రెండూ పోయాయి. అయినా రామన్ ఒక గోలు కొట్టి లెక్క సరిచేశాడు. ఆట ముగియబోతుండగా ఫ్రాన్సువారు ఇంకొకటి వేసి, 2-1తో బయటపడ్డారు.

ఇప్పుడు ఆ రెండు పెనాల్టీలూ పడ్డాయనుకోండి. మన ఆట గెలిచినట్టే. తర్వాతి ఆటలో ఎదురు పడేది ఎవరనుకున్నారు? సాక్షాత్తు బ్రిటన్! ఫ్రాన్సు ఆ తర్వాత తలపడింది బ్రిటనుతోనే, 1-0తో ఓడిపోయింది కూడాను. ఏడాది కిందటివరకు మనల్ని ఏలినవారితో వాళ్ళ రాజధానిలోనే, ఉత్త కాళ్ళతో ఆట! ఊహించుకుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది. మన కుర్రవాడు ఈ మాట చెప్పేటప్పుడు చేతిలోని టీ గ్లాసు వొణుకుతుంది.

కాని కాస్త నిదానించి చూడండి. గెలిచినా ఓడినా ఆ ఆట వల్ల ఒక ప్రమాదం వుంది. ఉత్త కాళ్ళతో ఫ్రాన్సును గెలిచామంటే ఇక బూట్లెందుకన్న ధీమా పదింతలయ్యేది. ఓడిపోయినా ఆ ధీమా పోలేదు. నాలుగేళ్ళ తర్వాత 1952లో హెల్సింకీ వెళ్ళాం. అక్కడి చలిలో, తడి నేల మీద, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాం. ఆ దెబ్బతోగాని మన దేశంలో బూట్లు వేసుకోవడం తప్పనిసరి కాలేదు. లండనులో పెనాల్టీలు పడివుంటే ఆ పాఠం ఇంకా ఆలస్యంగా వచ్చేదేమో! కనుక ఇది బండ. చప్పుడెక్కువ, మలుపు తక్కువ.

రెండోది బ్రెజిల్ ముచ్చట. 1950 ప్రపంచ కప్పు. ఇది అన్నిటికంటె పేరుపడ్డ 'వుంటేనా'. మనతో తలపడవలసిన బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో మనకు ఆటలాడకుండానే చోటు దొరికింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వే జట్లతో ఒక గుంపులో వేశారు. చివరికి మన జట్టు వెళ్ళలేదు. ఉత్త కాళ్ళతో ఆడనివ్వమన్నారు కాబట్టి వెళ్ళలేదని ఒక కథ ప్రచారంలో వుంది. వినడానికి ఎంతో బాగుంటుంది, పౌరుషంగా వుంటుంది. కాని ఆనాడు సమాఖ్య చెప్పుకున్న కారణాలు వేరు: జట్టు ఎంపికలో తకరారులు, సాధనకు వ్యవధి లేకపోవడం. ప్రయాణపు ఖర్చులో చాలా భాగం భరిస్తామని బ్రెజిల్ వారు ముందుకు వచ్చినా ప్రయాణం కట్టలేదు. అసలు సంగతేమంటే, ఆ రోజుల్లో మనవాళ్ళకు ఒలింపిక్సే స్వర్గం. ప్రపంచ కప్పు అంటే ఏమిటో దాని విలువ తెలియదు. జట్టు నాయకుడుగా వెళ్ళవలసిన శైలేన్ మన్నాయే ఈ మాట తర్వాత్తర్వాత ఒప్పుకున్నారు.

వెళ్ళివుంటే? గెలిచేవాళ్ళమని నేను చెప్పను. ఆ గుంపులో మూడు జట్లే మిగిలాయి. స్వీడన్ ఇటలీని 3-2తో గెలిచి, పరాగ్వేతో 2-2గా ముగించి పైకి పోయింది. అంతకు ముందు ఏడాదే టొరీనో జట్టు సమస్తం విమాన ప్రమాదంలో పోవడంతో ఇటలీవారు కకావికలై వున్నారు. విమానమెక్కడానికి భయపడి ఓడలో వెళ్ళారు. అటువంటి ఇటలీతో మనం సమంగా నిలిచేవాళ్ళమని వాదించేవారున్నారు. వాదించనివ్వండి. నా లెక్క వేరు. ఓడినా సరే, హెల్సింకీలో 1952లో తెలిసిన సంగతి రెండేళ్ళు ముందు తెలిసేది. ప్రపంచం ఏ పాదరక్షలతో, ఏ వరుసలో, ఎంత వేగంగా ఆడుతున్నదో కళ్ళారా చూసేవాళ్ళం. పైగా ఇది ఎవరి కాలో జారినందువల్ల పోయిన అవకాశం కాదు. బల్ల చుట్టూ కూర్చుని వదులుకున్న అవకాశం. కాబట్టి దీన్ని బండల్లో కలపలేను. కట్టగలిగీ కట్టకుండా వదిలేసిన ఆనకట్ట ఇది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన హైదరాబాదుకు వద్దాం. ఎందుకంటే బ్రెజిల్‌కు వెళ్ళకుండా వుండిపోయిన ఆ 1950లోనే హైదరాబాదులో వేరొక కథ మొదలయింది.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థులూ, పూర్వవిద్యార్థులూ కలిసి 'ఎలెవెన్ హంటర్స్' అనే జట్టు పెట్టుకున్నారు. ఆయన అందులో ఆడారు. ఇదీ మన కాలేజీ ఫుట్‌బాల్ వేసిన విత్తనం. చదువయ్యాక బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు - ఇవీ ఆయన పాఠాలు చెప్పిన చోట్లు. వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకుని పిల్లల ఆటపాటల బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆపైన సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు.

తర్వాత జరిగింది చూడండి. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు హైదరాబాద్ సిటీ పోలీసుదే. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు 1950లో, 1954లో, 1957లో వారిదే. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు అన్న పేరుతో మళ్ళీ వారిదే. కలకత్తా హేమాహేమీలను మన కానిస్టేబుళ్ళు మట్టి కరిపించారన్నమాట! ఈ విజయాలలో ఏ ఒక్క పెనాల్టీయో పోయివుంటే ఏమయ్యేది? ఒక కప్పు తగ్గేది. అంతే. అయిదింటికి నాలుగయ్యేవి. ఎందుకంటే ఆ గెలుపులు తన్నిన కాలులో లేవు, నేర్పిన పద్ధతిలో వున్నాయి.

పద్ధతంటే ఏమిటి? రహీమ్ గారు కొన్ని చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ళ దగ్గర అట్టిపెట్టుకుని ఒక్కడే ముందుకు పోకూడదు. వచ్చిన బంతిని వచ్చినట్టే తోటివాడికి అందించాలి. ఇంకొక పోటీలో చేతకాని కాలితోనే ఆడాలి. కుడికాలివాటం వాడు ఎడమకాలితో అన్నమాట. మరొక పోటీ పొట్టివాళ్ళకు ప్రత్యేకం. మొదట్లో చూసేవాళ్ళు నవ్వుకునేవుంటారు. కాని ఆలోచించండి: మొదటి పోటీలో నేర్చినవాడు తోటివాడు ఎక్కడున్నాడో తల ఎత్తి చూడటం నేర్చుకుంటాడు, రెండోదానిలో నేర్చినవాడికి రెండు కాళ్ళూ కుడికాళ్ళే అవుతాయి, మూడోదానివల్ల బలం లేదని పక్కన పడేసిన కుర్రవాడు బయటికి వస్తాడు. ఖర్చెంత? ఒక బంతి, ఒక ఈల. ఇదండీ ఆనకట్ట కట్టడమంటే.

మూడో ముచ్చట మెల్బోర్ను, 1956. రహీమ్ గారు శిక్షకులు. జట్టులో మన హైదరాబాదువాళ్ళు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహమ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, ఇంకా సికిందరాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరామ్. మొదటి ఆట హంగరీతో పడవలసింది. ఆ శరత్కాలంలోనే హంగరీలో తిరుగుబాటు, సోవియట్ సేనల ప్రవేశం. ఆ కల్లోలంలో వారి ఫుట్‌బాల్ జట్టు రానేలేదు. బుడాపెస్టు వీధుల్లో జరిగిన దానివల్ల మన జట్టు ఆడకుండానే ముందుకు పోయింది. చరిత్ర ఎక్కడ తీగ లాగితే ఎక్కడ డొంక కదులుతుందో చూశారా?

తర్వాత ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్సులో ఆ పని చేసిన మొదటి ఆసియావాసి అతనే. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. నాలుగేళ్ళ కిందట పది గోళ్ళు వేసిన జట్టు మీద మొదటి గోలు మనమే వేశాం, అదీ డిసౌజాయే! ఆ కొద్ది నిమిషాలు భారతదేశం ఒలింపిక్ ఫైనల్లో వున్నట్టే. కాని చూస్తూ చూస్తుండగానే యుగోస్లావియా ఒకదాని వెనక ఒకటిగా వేసుకుంటూ పోయింది. చివరికి 4-1. మూడో స్థానం కోసం ఆడిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. మనది నాలుగో స్థానం.

ఆ ఒక్క గోలూ కాచుకుని వుంటే తక్కువలో తక్కువ రజత పతకం వచ్చేది. అప్పుడు దేశమంతా ఫుట్‌బాల్ వైపు తిరిగేది, ప్రభుత్వం డబ్బు పెట్టేది, వూరూరా మైదానాలు వెలిసేవి అంటాడు మా కుర్రవాడు. ఈ వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. పతకానికి గల మహిమ నాకూ తెలుసు. కాని దీనికి జవాబు నేను చెప్పనక్కర లేదు. ఆరేళ్ళ తర్వాత చరిత్రే చెప్పింది. ఆ సంగతికి వస్తాను.

ఈలోగా 1960 రోమ్ సంగతి ఒకటి తేల్చేద్దాం. అక్కడ ఫ్రాన్సుతో ఆటలో ప్రదీప్ కుమార్ బెనర్జీ గోలు కొట్టి మనల్ని ముందుంచాడు. చివరి పదినిమిషాల్లో ఫ్రాన్సు సమం చేసింది. "ఆ పది నిమిషాలూ ఆగివుంటే, లండన్ పగ తీరిపోయేది, పైకి పోయేవాళ్ళం" అని చాలామంది నిట్టూరుస్తారు. పగ తీరేదన్న మాట నిజమే. కాని పైకి పోవడం కల్ల. నాలుగు జట్లలో మొదటి జట్టు ఒక్కటే ముందుకు పోతుంది. హంగరీ మూడు ఆటలూ గెలిచింది. ఫ్రాన్సు మీద ఏడు గోళ్ళు, పెరూ మీద ఆరు గోళ్ళు వేసింది. మనమీద మాత్రం 2-1తో గెలిచి వూపిరి పీల్చుకుంది. మన గోలు బలరామ్ కొట్టిందే. పెరూతో 3-1తో ఓడినప్పుడు కూడా మన ఒక్క గోలూ బలరామ్‌దే. ఫ్రాన్సును గెలిచినా మన దారి ఇంటికే. ఇది బండ కూడా కాదు, గులకరాయి.

ఇప్పుడు జకార్తా, 1962 ఆసియా క్రీడలు. రహీమ్ గారి వూపిరితిత్తులను అప్పటికే క్యాన్సరు తినేస్తున్నది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండుతో ఆటలో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రక్షణ పంక్తికి స్తంభంవంటి మనిషి అతడు. మహిల్‌పూర్ ఖల్సా కాలేజీ జట్టునుంచి పైకొచ్చినవాడు. ఇంకొకరైతే అతన్ని పక్కన కూర్చోబెట్టేవారు. రహీమ్ గారు అతన్ని తీసుకుపోయి ముందు వరుసలో నిలబెట్టారు. పైగా ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వలేదని మన ప్రతినిధి నిలదీయడంతో జకార్తా జనం మనమీద మండిపడుతున్నారు. మైదానం నిండా ఈసడింపులే. ఆ గోలలో సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్ళీ ఆ దక్షిణ కొరియాయే. ప్రదీప్ బెనర్జీ ఒకటి, కట్టుకట్టిన తలతో జర్నైల్ సింగ్ ఒకటి. 2-1. స్వర్ణం మనది.

మెల్బోర్నులో పతకం వచ్చివుంటే దేశం ఫుట్‌బాల్ వైపు తిరిగేదన్నారే, ఇదిగో పతకం! అదీ బంగారు పతకం! 1951లో ఢిల్లీలో వచ్చిన దానికి తోడు రెండోది. తిరిగిందా దేశం? 1948, 1952, 1956, 1960 - వరుసగా నాలుగు ఒలింపిక్సులు ఆడిన భారత జట్టు ఆ తర్వాత ఇంతవరకు ఒక్క ఒలింపిక్సు గడప తొక్కలేదు. ఆసియా క్రీడలలో స్వర్ణం మళ్ళీ రాలేదు. అంటే పతకం వచ్చినంత మాత్రాన ఏరు మలుపు తిరగదని లెక్క తేలిపోయింది. మెల్బోర్ను వాదన అక్కడితో సరి.

మరి అసలు మలుపెక్కడ? 1963 జూన్ 11. ఆ రోజు రహీమ్ గారు పోయారు. 53 ఏళ్ళ వయస్సు. అదే ఏడాది బలరామ్ వూపిరితిత్తుల జబ్బుతో, ముప్ఫయి నిండకుండానే, ఆట మానుకోవలసి వచ్చింది. "రహీమ్ గారు ఇంకొక పదేళ్ళు బతికివుంటే..." అన్న 'వుంటే' ఇక్కడ వస్తుంది. ఈ మాట అనేటప్పుడు టీ కొట్టు దగ్గర ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు. అందరూ వూరుకుంటారు.

నేను కూడా వూరుకుందామనే అనుకున్నాను. కాని వూరుకుంటే తప్పవుతుంది. మనిషి ఆయుష్షు మన చేతిలో లేదు. ఆయన నేర్పిన విద్యను అట్టిపెట్టుకోవడం మన చేతిలో వుంది. ఆయన పోయిన రెండు మూడేళ్ళ తర్వాత, 1965-66లో, ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970లో బ్యాంకాకులో ఆసియా క్రీడల కాంస్య పతకం వచ్చింది. ఆ జట్టు నాయకుడు మన హైదరాబాదీ నయీముద్దీన్. వానలు ఆగిపోయినా చెరువులో నిలవ నీళ్ళు కొన్నాళ్ళు వస్తాయి చూడండి, అలా వచ్చాయివి. తర్వాత నీళ్ళు వెలితి పడ్డాయి.

విద్య పూర్తిగా నశించిందా? లేదు. నయీముద్దీన్ కలకత్తా పెద్ద జట్లకు శిక్షకుడై, ద్రోణాచార్య పురస్కారం పొందారు. ప్రదీప్ బెనర్జీ కలకత్తాలో గొప్ప శిక్షకుడయ్యారు. హైదరాబాదు కుర్రవాడు మహమ్మద్ హబీబ్ కలకత్తా వెళ్ళి, 1977లో పేలే వచ్చి ఆడిన ఆటలో మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టాడు. బలరామ్ కూడా బెంగాలులోనే స్థిరపడి, 2023లో అక్కడే కన్నుమూశారు. చూశారా, మన ఆనకట్ట నీళ్ళు పొరుగువాడి పొలం తడుపుతున్నాయి! పొరుగువాడి తప్పేమీ లేదు. కాలువ తవ్వుకున్నాడు, నీళ్ళు పట్టుకున్నాడు. మనం మన కాలువ పూడిపోతుంటే చూస్తూ, ఆ ఏడు పెనాల్టీ పడివుంటేనా, ఈ ఏడు గోలు ఆగివుంటేనా అని కూర్చున్నాం.

ఇంక నా తీర్పు చెప్పేస్తాను. తెలుగుదేశపు ఫుట్‌బాల్ చరిత్రలో అసలైన మలుపు లండనులో లేదు, బ్రెజిల్‌లో లేదు, మెల్బోర్నులో లేదు. ఆ మలుపు ఒక అద్దె సైకిలు మీద వుంది.

బలరామ్ అమ్ముగూడ పేదింటి కుర్రవాడు. ఆ పిల్లవాడి ఆట చూసి రహీమ్ గారు సాధనకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి రోజూ హైదరాబాదు రావాలంటే సైకిలు కావాలి. సైకిలు అద్దెకు డబ్బులు లేవు. ఆ అద్దె డబ్బులు రహీమ్ గారు తన జేబులోంచి ఇచ్చారు. అంతే కథ. ఏ పత్రికలోనూ ఆ రోజు వార్త పడలేదు. ఏ మైదానంలోనూ చప్పట్లు మోగలేదు. కాని ఆ చిల్లర ఆ రోజు ఆయన జేబులో లేకపోయివుంటే? లేక, వుండి కూడా, 'ఎంతమందికని ఇస్తాం' అని వూరుకునివుంటే? మెల్బోర్నులో బలరామ్ లేడు. రోములో హంగరీ మీద గోలు లేదు. జకార్తాలో ఎడమ పక్కన మెరుపు లేదు. ఇదీ నేను ఒప్పుకునే 'వుంటే'. ఎందుకంటే ఇది అదృష్టం మీద ఆధారపడింది కాదు, ఒక మనిషి బుద్ధి మీద ఆధారపడింది. పెనాల్టీ కొట్టే భాగ్యం కోటిమందిలో ఒకడికి వస్తుంది. సైకిలు అద్దె ఇచ్చే అవకాశం వూరికి పదిమందికైనా వస్తుంది.

ఈ మాట చెప్పగానే మా టీ కొట్టు సభలో ఒక కుర్రవాడు, "అయితే మాస్టారూ, ఇక్కణ్ణుంచి చింతపల్లి మీదుగా నర్సీపట్నం బస్సు ఛార్జీ ఎంతో తెలుసునా?" అని అడిగాడు. మొదట వేళాకోళమనుకున్నాను. తర్వాత తెలిసింది, అడిగినవాడికి ఆట వచ్చు. ఘాటు రోడ్డు దిగితేగాని పెద్ద మైదానం, పెద్ద జట్టు కనపడవు. కొండ మీది పిల్లవాడికి కాళ్ళలో బలానికీ, వూపిరిలో దమ్ముకూ లోటు లేదు. పొద్దున్న లేస్తే ఎక్కడం, సాయంత్రమైతే దిగడం. లోటల్లా అమ్ముగూడకూ హైదరాబాదుకూ మధ్య ఆనాడు వున్నదే: దారి ఖర్చు.

కాబట్టి పాఠకులారా, మీ వూళ్ళో కాలేజీ మైదానం పక్కగా పోతున్నప్పుడు ఒక్క నిమిషం నిలబడి చూడండి. ఎవరైనా పిల్లవాడు వచ్చిన బంతిని ఆపకుండా తోటివాడికి అందిస్తూ, తల ఎత్తి మైదానమంతా చూస్తూ ఆడుతున్నాడా? అయితే వాణ్ణి పిలిచి రెండు ప్రశ్నలు అడగండి. ఏ వూరినుంచి వస్తున్నావు నాయనా అని ఒకటి. రేపు రావడానికి డబ్బులున్నాయా అని రెండోది.